తెచ్చేటప్పటికే లేని ఫోటో

ఒక అబద్ధాన్ని పదిహేడేళ్లుగా మోస్తున్నాను. పెద్దదేం కాదు, మూడు మాటలు. అనడానికి ఊపిరి పీల్చి వదిలినంత సేపు కూడా పట్టలేదు. కానీ ఆ రోజు నుంచి మా గేటు గడియ చప్పుడైతే నా గుండె ఆగుతుంది. పాలాయన తీసినా ఆగుతుంది, పిల్లి దూకి కదిలించినా ఆగుతుంది. నా ముందు ఎవరైనా ‘ఫోటో’ అంటే చాలు, చేతిలో పని వదిలేసి వాళ్ల ముఖంలోకి చూస్తాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే రకం అయిపోయాను. ఫోటోలంటే నీకు అంత భయమేంది అని మా ఆయన నవ్వుతాడు. ఆయనకు తెలియదు. ఎవరికీ తెలియదు.

మీరెవరో నాకు తెలియదు. నా పేరు నేను మీకు చెప్పను. వనపర్తిలో ఒక గల్లీ, అందులో ఒక ఇల్లు, అంతవరకే. ఇలా దాక్కుని చెప్పడం పిరికితనం కాదా? పిరికితనమే. ఇంతకన్నా ధైర్యం నాలో ఎక్కడైనా ఉందేమోనని ఇన్నేళ్లూ వెతికి చూశాను, దొరకలేదు. ఆగి ఆగి చెబుతాను. జర ఓపిక పట్టండి.

మా నాన్న రేడియోలు, గడియారాలు బాగుచేసేవాడు. కొడుకులు లేరు కాబట్టి బిడ్డకు పని నేర్పాడని ఊళ్లో అనుకునేవాళ్లు. అసలు సంగతి అది కాదు. నా వేళ్లు సన్నగా ఉండేవి, ఆయన వేళ్లు దూరని చోటికి నావి దూరేవి, అందుకని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. పెళ్లయ్యాక కూడా ఆ పని నన్ను వదల్లేదు. మా ఆయన బస్సు కండక్టరు, సగం రోజులు ఇంట్లో ఉండడు. గల్లీ ఆడవాళ్లు మిక్సీలు, ఇస్త్రీపెట్టెలు, గోడ గడియారాలు తెచ్చి నా గడప మీద పెట్టి పోయేవాళ్లు. ఊరికే పొద్దుపోవడానికి చేస్తున్నానని పైకి అనేదాన్ని గానీ, లోపల గర్వం ఉండేది. నా చేతిలో పడ్డ వస్తువు బాగుపడకుండా పోదని. మొగుడికి కూడా చెప్పలేదు ఆ గర్వం గురించి. మీకు చెబుతున్నాను.

నాన్న దగ్గర పనితో పాటు ఒక మాట కూడా నేర్చుకున్నాను. ఈ పని చేసే వాళ్లందరికీ తెలిసిన మాటే. మన చేతిలో వస్తువు పాడైనప్పుడు, దాని మనిషి వచ్చి ఎదురుగా నిలబడితే, తల ఎత్తకుండా అనాలి: ‘తెచ్చేటప్పటికే పోయి ఉండె.’ నాకు పదేళ్లప్పుడు ఒక ముసలాయన గడియారంలో స్ప్రింగు తెంపి, తెంపానని నాన్నతో చెప్పేశాను. నాన్న స్క్రూడ్రైవర్ పిడితో నా వేళ్ల మీద కొట్టాడు. సాయంత్రం ఆ ముసలాయన వస్తే, చాలా నెమ్మదిగా, దయగా కూడా, ఆ మాట అన్నాడు. ఆయన నమ్మాడు. నాన్నకు దండం పెట్టి, ఆగిన గడియారం జేబులో వేసుకుని పోయాడు. నిజానికి దెబ్బ పడింది, అబద్ధానికి దండం దక్కింది. పదేళ్ల పిల్లకు ఇంకేం అర్థమవుతుంది?

ఆ మాట తర్వాత నేనూ చాలాసార్లు అన్నాను. మిక్సీ మోటార్ల మీద అన్నాను, టేప్‌రికార్డర్ల మీద అన్నాను. మిక్సీ ఏం ఏడవదు కదా. ఒక్కసారి మాత్రం అది మనిషి మీద పడింది.

మా ఇంటికి మూడిళ్ల అవతల ఖాజా వాళ్ల ఇల్లు. అతనికి బస్టాండు దగ్గర పరుపుల దుకాణం. నన్ను అక్కా అని పిలుస్తాడు, ఇప్పటికీ. అతని తల్లి హలీమమ్మ మా గల్లీకంతా పెద్దమనిషి. దుకాణానికి బొంతలు కుట్టేది. చేతిలో సూది లేకుండా ఆమెను చూసినవాళ్లు లేరు. ఆమెకు ఒక పట్టుదల. ఫోటో దిగదు. దిగడం పాపమని ఆమె నమ్మకం. రేషన్ కార్డుకు ఇంటిల్లిపాది ఫోటో కావాలని అందరూ వరసగా కూర్చుంటే ఈమె మాత్రం వంటింట్లోంచి బయటికి రాలేదు. ‘బియ్యం నా మొహం చూసి ఇస్తరా, నా కడుపు చూసి ఇస్తరా’ అని లోపలి నుంచే అడిగింది. గల్లీలో ఆ మాట ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు.

ఖాజా భార్య నసీమా. ఆత్మకూరు పిల్ల. అప్పటికి పెళ్లయి మూడేళ్లు, పిల్లలు ఇంకా లేరు. ఆ ఇంట్లో ఆమె కాలు ఇంకా గట్టిగా ఆనలేదని మా అందరికీ తెలుసు. పెళ్లిలో ఆమె అన్న ఒక చిన్న డిజిటల్ కెమెరా ఇచ్చాడు, వెండి రంగుది, అరచేతిలో ఇమిడేది. మా గల్లీలో అదే మొదటిది. సెల్‌ఫోన్లలో కెమెరాలు అప్పటికింకా అందరి చేతుల్లోకి రాలేదు.

ఆ ఏడు ఎండలు ముదరకముందే హలీమమ్మ చనిపోయింది. మూడు రోజుల జ్వరం, అంతే. ఖాజా కూలబడిపోయాడు. దుకాణం తెరవలేదు. అన్నం ముందు కూర్చుని, అమ్మీ మొహం అప్పుడే మరుస్తున్న అని ఏడ్చేవాడట. అది చూడలేక నసీమా దాచిన మాట బయటపెట్టింది. అమ్మీ ఫోటో ఉంది అని చెప్పింది. పోయిన రంజాన్ నెలలో ఒక మధ్యాహ్నం ఇంట్లో అత్తాకోడళ్లు ఇద్దరే ఉన్నప్పుడు, ఆమే తనంతట తాను, ‘తియ్యి బేటా, ఒక్కటే. ఎవ్వరికి చెప్పకు’ అన్నదని, తను తీసిందని. ఖాజా నమ్మలేకపోయాడు, నమ్మకుండా ఉండలేకపోయాడు. అతని అక్క మహబూబ్ బీ మాత్రం మండిపడింది. రేషన్ కార్డుకు దిగనిది నీకు దిగిందా అని. బతికినన్నాళ్లు తప్పని నమ్మిన పనిని, పోయాక ఆ మనిషి చేసిందని చెప్పడం చిన్న మాట కాదు. అవునో కాదో చెప్పడానికి ఆమె లేదు కదా.

కెమెరా తెరిచి చూపిస్తే అయిపోయేది. కానీ కెమెరా నడవదు. రంజాన్ పండుగ దాటిన వారానికి జూరాల ప్రాజెక్టు చూడటానికి పోయినప్పుడు ఇసుకలో పడింది. లెన్సు సగం బయటికి వచ్చి అక్కడే బిగుసుకుపోయింది. మీట నొక్కితే కిర్రుమని, తెర ఒకసారి వెలిగి, ఆరిపోయేది. ఆరు నెలలుగా బీరువాలో పడి ఉంది. ఫోటో దుకాణానికి ఇవ్వడానికి ఖాజాకు మనసొప్పలేదు. జూరాలలో ఇంటి ఆడవాళ్లు కొంగులు గాలికి ఎగిరిపోతుంటే నవ్వుకుంటూ దిగిన ఫోటోలు అందులో ఉన్నాయి. ఎవడో మగవాడు ఒక్కొక్కటే తిప్పి చూస్తాడని. ‘నువ్వంటే ఆడమనిషివి అక్కా, చూసినా ఫికర్ లేదు’ అని నా చేతిలో పెట్టాడు. పోయిన మనిషి కోసం నలభయ్యో రోజు చదివించే ఫాతెహాకు ఇంకా వారం ఉంది. ఆ రోజుకు తల్లి మొహం చూడాలని అతని ఆశ. తన మాట నిలబడాలని నసీమా ఆశ. అతని వెనక గుమ్మం దగ్గర నిలబడి నసీమా నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. దవాఖానలో డాక్టరును చూసినట్టు చూసింది.

డిజిటల్ కెమెరా నేను అంతకుముందు విప్పలేదు. ఆ మాట వాళ్లతో అనలేదు. అది నా మొదటి తప్పు అనుకుంటాను. లేక గర్వం ముందు నుంచీ ఉన్నదే కాబట్టి, మొదటిది ఇంకెక్కడో ఉందా?

మర్నాడు మధ్యాహ్నం కూర్చున్నాను. మా ఆయన డ్యూటీ దిగి వచ్చి నడిమింట్లో నిద్రపోతున్నాడు. వంటింట్లో కింద గచ్చు మీద పాత పేపరు పరిచి, తడిపిన గోధుమపిండి ముద్ద పక్కన పెట్టుకున్నాను. తీసిన మర తీసినట్టు పిండిలో వరసగా గుచ్చితే ఏది ఎక్కడిదో మరిచిపోము, నాన్న పద్ధతి. ఆవగింజంత మరలు. పైడొప్ప ఊడింది. ఫ్లాషు కోసం కరెంటు దాచుకునే చిన్న గొట్టం ఒకటి లోపల ఉంటుంది, సెల్లులు తీసినా దాన్లో కరెంటు చావదు, ముందు దాన్ని బల్బు వైర్లతో తాకించి చంపాలి. పాత ఫ్లాషుల్లో నాన్న చూపించాడు. నాకు తెలుసు. తెలిసీ బొటనవేలు పెట్టాను. మోచేతి దాకా కొట్టింది. కెమెరా ఒళ్లో పడింది, నయం. మా ఆయన లేస్తాడని అరవలేదు. తేలు కుట్టిన దొంగలాగా నోరు మూసుకుని చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. అప్పుడైనా ఆపవలసింది. ఇది నా చేతి పని కాదని తిరిగి ఇచ్చేస్తే ఏమయ్యేది? ఏమీ అయ్యేది కాదు. కర్నూలులోనో హైదరాబాదులోనో ఎవరో చేసేవాళ్లు. నా గర్వం కాస్త నొచ్చేది.

ఆపలేదు. లెన్సు చుట్టూ పళ్లచక్రాల్లో ఒకదాని సందులో ఇసుక రేణువు ఇరుక్కుని ఉంది. ఒక్క రేణువు. కుట్టుసూదితో దాన్ని తీసి, పౌడర్ బ్రష్షుతో దులిపి, పిండిలో మరలు వెనక నుంచి ముందుకు తీస్తూ బిగించాను. సెల్లులు వేసి మీట నొక్కితే, లెన్సు మెత్తగా బయటికి వచ్చింది. మళ్లీ నొక్కితే లోపలికి పోయింది. చిన్నపిల్లలాగా చప్పట్లు కొట్టబోయి ఆగాను.

తర్వాత ఫోటోలు చూశాను. చూసినా ఫికర్ లేదని అతనే అన్నాడు. జూరాలవి ఓ పద్దెనిమిది, గేట్లు, నీళ్లు, నవ్వులు. వాటికి ముందు ఒకటి ఉంది. దాని గురించి చివర చెబుతాను. ముందు చేసిన పని చెప్పాలి, లేకపోతే మళ్లీ ధైర్యం చాలదు.

బాగయిన కెమెరాతో ఒక ఫోటో తీసి చూడాలి కదా. వాళ్ల ఫోటోల మధ్యలో నా వంటింటి ఫోటో ఎందుకు కలపాలి అనుకున్నాను. వినండి, అది మంచి ఆలోచనే. ఇన్నేళ్లలో నన్ను ఎక్కువ భయపెట్టింది అదే, ఆ మంచి ఆలోచనలోంచి ఇదంతా వచ్చిందన్న సంగతి. ఆ కెమెరాకు ఫోటోలు దాచే మెమరీ కార్డు లేదు. కార్డు లేకపోతే ఫోటోలు కెమెరా లోపలే ఉన్న కాస్త చోటులో పడతాయి, ముప్పై దాకా. మా ఆయనకు బస్సులో ఎవరో పారేసుకున్న కార్డు ఒకటి దొరికితే, అడిగేవాళ్లు లేక మా ఇంట్లో ఉంది. దాన్ని పెట్టి, ముందు దాంట్లో ఉన్న ఎవరివో ఫోటోలు తుడిచేసి, పరీక్షకు నాలుగు తీద్దామనుకున్నాను. పెట్టాను. చెరిపే మీట నొక్కితే, తెర మీద ఇంగ్లీషులో అన్నీ చెరిపెయ్యాలా అని అడిగింది. కార్డు సంగతే అడుగుతుందనుకుని అవునని నొక్కాను.

కార్డు సరిగా కూర్చోలేదు. టక్కుమనే దాకా వేలితో నొక్కాలి. నేను నొక్కలేదు. కార్డు లేదనుకుని కెమెరా తన లోపల ఉన్నవన్నీ చెరిపేసింది.

కళ్లు మూసి తెరిచేంత సేపే. ఫోటోలు లేవని తెర మీద ఇంగ్లీషు మాట ఒకటి. మీట నొక్కాను. ఆపి, మళ్లీ పెట్టి నొక్కాను. సెల్లులు తీసి తుడిచి వేశాను. నాన్న చనిపోయి అప్పటికి తొమ్మిదేళ్లు. అయినా స్క్రూడ్రైవర్ పిడి నా వేళ్ల మీద పడుతుందని, నలభై దగ్గరపడ్డ మనిషిని, రెండు చేతులూ కొంగు కింద దాచుకున్నాను.

సాయంత్రం గేటు గడియ చప్పుడైంది. ఖాజా, వెనక నసీమా.

లెన్సు బయటికి వచ్చి లోపలికి పోవడం చూసి ఖాజా మొహం వెలిగింది. తర్వాత ఫోటోలు చూసే మీట నొక్కాడు. మళ్లీ నొక్కాడు.

‘ఏం లెవ్వేంది అక్కా?’

‘ఇసుక పోయి లోపల చెడి ఉండె తమ్మి. బాగయినంక ఒక్కసారి కనబడ్డయి, మళ్ల పోయినయ్’ అన్నాను.

‘అమ్మీది గూడ పోయిందా?’

అతను అడిగిన తీరు మీకు ఎలా చెప్పాలో తెలియడం లేదు. చనిపోయిన తల్లి మళ్లీ చనిపోయిందా అని అడిగినట్టు ఉంది. ఆ పోవడం నా చేతిలో జరిగిందని ఒప్పుకోవాలి. నోరు తెరిచాను. తెరిస్తే వచ్చింది నాన్న మాట.

‘జూరాలవే తమ్మి పోయినయి. అన్నీ చూసిన. అమ్మది తెచ్చేటప్పటికే లేకుండె.’

ఎందుకు అలా అన్నాను? ఎన్ని వందలసార్లు అడిగానో నన్ను నేను. పోయినవి ప్రాజెక్టు ఫోటోలే అయితే నా తప్పు చిన్నదవుతుంది, గేట్లకూ నీళ్లకూ ఎవరూ ఏడవరు, అంతే నా బుర్రలో తట్టింది. ఆ పిల్ల ఒకతి అక్కడ నిలబడి ఉందని, ఆ మాట నేరుగా పోయి ఆమెకు తగులుతుందని తట్టలేదు. తట్టలేదా? లేక తట్టినా అనేశానా? నిజంగా నాకు తెలియదు. తెలియదని చెప్పుకోవడం కూడా నాకు మేలైన మాటే, అందుకే దాన్ని నేను నమ్మను.

నసీమా ఒక్కటే అన్నది: ‘నేను తీసిన అక్కా. మంచిగ చూసినవా?’

‘చూసిన బిడ్డా’ అన్నాను.

ఖాజా కెమెరా తీసుకుని, భార్య కోసం ఆగకుండా గేటు దాటి పోయాడు.

నలభయ్యో రోజు వాళ్ల ఇంట్లో వంద మందికి అన్నాలు. నసీమా వడ్డిస్తూ, ఉప్పు చూసిన్నని ఏదో అన్నదట. మహబూబ్ బీ అందరి ముందు అడిగింది: ‘దానికి ఫోటో ఉన్నదా?’ ఆడవాళ్లు నవ్వారు. ఆ రోజు పుట్టిన మాట అది. పాలు కాగినయంటే, ఫోటో ఉన్నదా? తలుపు పెట్టిన్నంటే, ఫోటో ఉన్నదా? ఖాజా నవ్వేవాడు కాదు, ఆపేవాడూ కాదు. భార్యతో మాట్లాడటం మానేశాడు. అమ్మీ మీద అబద్ధం ఆడినోళ్లు ఇంక దేని మీద ఆడరని మా ఆయనతో అన్నాడట. నెల తిరగకముందే నసీమా ఒక చిన్న సంచి పట్టుకుని ఆత్మకూరు బస్సు ఎక్కింది. మా ఆయన బస్సే. టికెట్టు కొట్టినప్పుడు పిల్ల కిటికీ వైపు తిరిగే ఉందని వచ్చి చెప్పాడు. ఆ రోజు అన్నం సహించలేదు నాకు. అయినా చెప్పలేదు.

ఇంతవరకు విని మీరు, భయపడింది పాపం అనుకోవచ్చు. అందుకే ఆగకుండా తర్వాతది చెబుతున్నాను. ఇది భయంతో నోరు జారడం కాదు.

రెండు నెలలకు నసీమా అన్న వచ్చాడు. చెరిగిపోయిన ఫోటోలను కూడా కంప్యూటరుతో వెనక్కి తీసే మనిషి హైదరాబాదులో ఉన్నాడని చెప్పాడు. ఖాజా పరుగున వచ్చి నాకు చెప్పాడు. సంతోషంగా. తల్లి ఫోటో దొరికితే భార్యను కాళ్లు పట్టుకుని తెచ్చుకుంటానన్నాడు. ఎల్లుండి పొద్దున బండి. నేను సంతోషించాలి కదా? దేవుడే దారి చూపించాడని దండం పెట్టాలి కదా? ఫోటో బయటికి వస్తుంది. దానితో పాటు నేను బయటికి వస్తాను. గల్లీలో ప్రతి గుమ్మం మీద నిలబడి నా గురించి మాట్లాడుకుంటారు, నా గడప మీద ఇంక ఎవరూ ఏ వస్తువూ పెట్టరు.

‘జర లెన్సు వదులయినట్టుంది, ఒక్క పూట ఇచ్చి పో తమ్మి’ అన్నాను.

ఇచ్చాడు.

చెరిపిన చోట కొత్తవి పడితే పాతవి ఇంక ఎవరికీ దొరకవు. అది నాకు తెలుసు. పాత క్యాసెట్టు మీద కొత్త పాట ఎక్కిస్తే పాతది పోయినట్టే అనుకోండి. తలుపు వేసుకుని, వంటింటి గోడకు ఎదురుగా నిలబడి ఫోటోలు తీశాను. ఈసారి కార్డు పెట్టలేదు. పొరపాటున కాదు. చోటు నిండే దాకా గోడ. చెరిపేసి మళ్లీ నిండే దాకా గోడ. మూడుసార్లు. గోడ మీద క్యాలెండరు కూడా సగం పడుతుందని గమనించాను గానీ జరగడానికి కాళ్లు రాలేదు. ప్రతి చప్పుడుకూ ఒక్కో దారం తెగుతున్నట్టు అనిపించింది, హలీమమ్మ కుట్టిన బొంతలోంచి. చివర అన్నీ చెరిపేసి, కెమెరా తుడిచి, సంచిలో పెట్టి ఇచ్చాను. లెన్సు మంచిగైందా అక్కా అని అడిగాడు. అయింది అన్నాను.

నాలుగో రోజు వాళ్లు తిరిగి వచ్చారు. గేటు బయట రోడ్డు మీద ఖాజా, ఆత్మకూరు నుంచి వాళ్లతో కలిసి హైదరాబాదు పోయిన నసీమా, ఆమె అన్న. ఖాజా నవ్వాడు, ఏడుపులాంటి నవ్వు. ‘ముప్పై ఫోటోలు వెనక్కి తీసిండక్కా ఆయన. ముప్పైకి ముప్పై నీ వంటింటి గోడనే. లెన్సు చూసుకునేతందుకు తీసినవి గదా?’ అవును అన్నాను. నా సంజాయిషీ కూడా అతనే చెప్పిపెట్టాడు. నసీమా మాత్రం నన్నే చూస్తోంది. లెన్సు పరీక్షకు ముప్పై ఫోటోలు ఎవరైనా తీస్తారా? ఆమెకు అర్థమైందని, ఇప్పుడే అడుగుతుందని అనుకున్నాను. ఆమె అడగలేదు. తల దించుకుని అన్న వెంట బస్టాండు వైపు నడిచింది.

ఎనిమిది నెలల తర్వాత రెండు వైపుల పెద్దలు కూర్చుని మాట్లాడి ఆమెను తెచ్చారు. తర్వాత ఒక ఆడపిల్ల పుట్టింది. కాపురం సాగింది, సాగుతోంది. కానీ ఆ ఇంట్లో ఆమె ఏది చెప్పినా ఇంకొకరు వచ్చి అవునంటేనే అవును. ఒకసారి మా గడప మీద పది మంది ఆడవాళ్లం కూర్చుని ఉంటే, నిన్న సాయంత్రం మబ్బు పట్టిందని నసీమా ఏదో అన్నది. ఎవరో అన్నారు, ఫోటో ఉన్నదా అని. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. నవ్వకపోతే అనుమానం వస్తుందని. ఆ నవ్వు చప్పుడు నాకు ఇప్పటికీ వినబడుతుంది.

ప్రతి రంజాన్ పండుగకు ఆమే స్వయంగా షీర్ ఖుర్మా పాయసం గిన్నె తెస్తుంది. గడియ చప్పుడు, గిన్నె, ఆమె కళ్లు. తెలిసే తెస్తుందా? నాకు సిగ్గు రావాలని తెస్తుందా? ఇన్నేళ్లూ నా భయమంతా నా గురించే. ఆమెకు తెలుసని, ఏదో ఒక రోజు అందరి ముందు చెబుతుందని. ఇప్పుడు చెబుతుంటే కనబడుతోంది, ఒక్కసారి కూడా ఆమె కోసం భయపడలేదు నేను.

పోయిన నెల ఆమె వచ్చింది. చేతిలో బిడ్డ సెల్‌ఫోను, పగిలిన అద్దం అతికించడం అవుతుందా అని. మామూలు మాటలే. బిడ్డ అడుగుతోందట, దాదీ ఎట్ల ఉండేది అని. హలీమమ్మ మొహం ఎలా ఉండేదో చెప్పడానికి కూర్చుంటే తనకే సరిగా గుర్తు రాలేదట. తర్వాత నా వైపు చూడకుండా అన్నది:

‘అక్కా, ఒక్కోసారి నేనే కల గన్ననేమో అనిపిస్తది. అమ్మీ అడగనే లేదేమో, నేను తియ్యనే లేదేమో. రంజాన్ రోజాల నీరసంల గిట్ల అనుకున్ననేమో. నువ్వు గూడ చూసి లేదంటివి గదా. నీకు అబద్ధం చెప్పాల్సిన పనేమున్నది.’

ఆమెకు ఏమీ తెలియదు. ఎప్పుడూ తెలియదు. పదిహేడేళ్లు నన్ను అనుమానించి ఉంటే ఎంత బాగుండేది. ఆమె నన్ను నమ్మి, తన కళ్లను నమ్మడం మానేసింది.

నేనేమన్నాను ఆమెతో? ‘పోనీలే బిడ్డా, పాత ముచ్చట’ అన్నాను. ఫోను అద్దం నాతో కాదని ఇచ్చేశాను.

ఆ రోజు నుంచి నిద్ర లేదు. ఆమె మూడిళ్ల అవతలే ఉంది. లేచి నడిస్తే అరవై అడుగులు. చెప్పులు వేసుకుని రెండుసార్లు గేటు దాకా పోయాను. రెండుసార్లూ గడియ మీద చెయ్యి పెట్టి, ఆ చప్పుడుకే భయపడి వెనక్కి వచ్చాను. ఎప్పటికైనా పోతానా? మాట ఇవ్వలేను. మీరు నన్ను క్షమించాలని అడగను, మీ చేతిలో లేని పని అది. మీతో ఒక్కటి మాత్రం చెప్పాలి. ఆ ఫోటో చూసినవాళ్లం భూమ్మీద ఇద్దరమే. ఒకరు కల అనుకుంటున్నారు. నేను కూడా చెప్పకుండా పోతే అది నిజంగానే లేకుండా పోతుంది.

కిటికీ పక్క మంచం మీద హలీమమ్మ కూర్చుని ఉంది. ఒళ్లో ఆకుపచ్చ బొంత, సగం కుట్టింది. సూది బొంతకే గుచ్చి ఉంది. చేతిలో సూది లేకుండా ఆమెను నేను చూసింది అదొక్కసారే. తల మీద తెల్ల చాదరు నీటుగా సర్దుకుంది, కావాలని సర్దుకున్నట్టే తెలుస్తోంది. ఎడమ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకోబోతోంది, ముందు పళ్లు లేవు కదా, సిగ్గు. చెయ్యి ఇంకా సగం దూరంలో ఉండగానే నవ్వు బయటపడింది. కెమెరా వెనకున్న మనిషిని చూసి నవ్వుతోంది. కూతురిని చూసి కూడా ఆమె అలా నవ్వగా నేను చూడలేదు.

నసీమా అబద్ధం చెప్పలేదు. కల గనలేదు. తెచ్చేటప్పటికి ఫోటో అందులో ఉంది.